తుఫాను రాత్రి డ్యూటీ ఉండే ఉద్యోగం మా పాపకు వద్దని చెప్పాలా?

ప్రశ్న: మా పాప గుంటూరులో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతోంది. 2025 అక్టోబర్ 28న మొంథా తుఫాను తీరం దాటిన రాత్రి మేమంతా పడుకున్నా తను ఫోన్లో రాడార్ బొమ్మలు చూస్తూ తెల్లవార్లూ కూర్చుంది. అప్పటి నుంచి వాతావరణ శాఖలో పనిచేస్తానని, బీటెక్ వద్దు బీఎస్సీ ఫిజిక్స్ చేస్తానని పట్టుబట్టింది. బోస్టన్‌లో ఉండే మా మరిది, అక్కడ మంచు తుఫాను వస్తే వాతావరణ ఆఫీసు వాళ్లు దుప్పట్లు పట్టుకెళ్లి ఆఫీసులోనే పడుకుంటారని చెప్పాడు. అది విన్నాక మా వారికి టెన్షన్ పట్టుకుంది. ఆడపిల్లకు ఈ రాత్రి డ్యూటీలు, తుఫానులో తిరగడాలు అవసరమా అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ మరిదిగారు చెప్పింది నిజమే, కానీ ఆ దుప్పట్లు ఎందుకో కూడా చెప్పి ఉంటే మీ వారు ఇంత కంగారు పడేవారు కాదు. అమెరికాలో నేషనల్ వెదర్ సర్వీస్‌కు 122 ఫోర్‌కాస్ట్ ఆఫీసులున్నాయి, మామూలుగా ఏడాది పొడవునా రాత్రీ పగలూ వాటికి తాళం పడదు. మంచు తుఫాను ఒక్కోసారి రెండు రోజులు సాగుతుంది, రోడ్లు మూసుకుపోతాయి, అందుకని తర్వాతి షిఫ్టు వాళ్లు రోడ్డు బాగున్నప్పుడే వచ్చేసి అక్కడే నిద్రపోయి తమ వంతు రాగానే లేచి కూర్చుంటారు. తుఫాను మధ్యలో ఎవరూ బండి నడపకూడదనే ఆ ఏర్పాటు. తుఫాను ఇంకా రోజుల దూరంలో ఉండగానే ఎవరు ఎప్పుడు కూర్చోవాలి, ఎవరిని అదనంగా పిలవాలి, ఎనిమిది గంటల డ్యూటీని పన్నెండుకు పెంచాలా అని చూసుకుంటారు. ఒక ఆఫీసులో లైన్లు పోతే దాని పని అందుకోవాల్సిన పక్క ఆఫీసు ఏదో కూడా ముందే రాసి ఉంటుంది.

మనకు మంచు లేదు. మన చలికాలపు తుఫాను బంగాళాఖాతం నుంచి వస్తుంది, అదీ సరిగ్గా డెల్టాలో వరి కోసి పనల మీద ఉన్న రోజుల్లో. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లనడిగితే చెబుతారు. మిచాంగ్ 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో పనలు ఈ రాత్రికే ఎత్తి కుప్ప వేసి బరకాలు కప్పాలా, రేపు పొద్దుటి దాకా ఆగొచ్చా అని రైతు ఎదురుచూసేది బులెటిన్లో ఒక్క వాక్యం కోసం. ఆ వాక్యం రాసేవాళ్లు నిద్ర చాలక తడబడకూడదు. డ్యూటీల జాబితాను ఈ ఉద్యోగంలో అంత ముఖ్యంగా చూడటానికి కారణం అదే.

పని ఎలా నడుస్తుందో కూడా చెబుతాను, మీ పాప ఇష్టపడుతున్నది రాడార్ బొమ్మలనా, ఆ బొమ్మల వెనక ఉన్న పనినా అన్నది తేల్చుకోవాలి కదా. మన రాష్ట్రానికి అమరావతి వాతావరణ కేంద్రం ఉంది, విశాఖలో తుఫాను హెచ్చరికల కేంద్రం ఉంది, మచిలీపట్నంలో మబ్బుల్లోని వాననూ గాలి కదలికనూ పసిగట్టే డాప్లర్ రాడార్ ఉంది. ఉత్తర హిందూ మహాసముద్రం మొత్తానికీ తుఫాన్లను కనిపెట్టి పేరు పెట్టేది వాతావరణ శాఖ ఢిల్లీ ఆఫీసు. మన తీరానికి హెచ్చరికలు నాలుగు దశల్లో వెళ్తాయి: 72 గంటల ముందు ఒకటి, 48 గంటల ముందు ఇంకొకటి, 24 గంటల ముందు అసలు హెచ్చరిక, తీరం దాటడానికి 12 గంటల ముందు చివరిది, తుఫాను తీరం దాటాక లోపలి జిల్లాల్లో ఏం జరుగుతుందన్నది. వాయుగుండం తుఫానుగా మారాక మూడు గంటలకోసారి బులెటిన్ వెళ్లాలి, తీరం దగ్గర పడితే గంటగంటకూ చెబుతారు. కలెక్టర్ ఆఫీసులు, ఓడరేవులు, మత్స్యశాఖ, రైల్వే, విలేకరులు, అందరి ఫోన్లూ ఆ గంటల్లోనే మోగుతాయి. అంచనా వేసేవాళ్లే ఫోన్లు కూడా ఎత్తుతూ కూర్చుంటే రెండూ చెడతాయి. ఆ రోజుల్లో అదనంగా మనుషులు కావాల్సింది అందుకే.

రాత్రి డ్యూటీ ఒక్క తుఫాను రోజుల్లోనే అనుకోకండి. మన దగ్గర పొద్దున 8.30కి వాన కొలిచే సమయానికి బోస్టన్‌లో, చలికాలమైతే, ముందు రోజు రాత్రి 10. ప్రపంచమంతా ఒకే క్షణంలో కొలవాలి, లేకపోతే పటం గీయలేం. మూడు గంటలకోసారి పరిశీలన, పొద్దున 5.30కి సాయంత్రం 5.30కి పైగాలిని కొలిచే బెలూన్ లెక్క. తుఫాను లేని జనవరి రాత్రి కూడా ఎవరో ఒకరు మేలుకుని ఉండాల్సిందే.

నా దగ్గర సలహా తీసుకుని ఈ శాఖలో చేరిన ఒక అమ్మాయి చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. మొదటి తుఫాను డ్యూటీలో తనకు భయం వేసింది గాలి వల్ల కాదట. టార్చి వెలుగులో వానమాపకం సీసా తీసి నీళ్లు కొలగాజులో పోసింది. నీళ్లు గాజు అంచుల దగ్గర పైకి పాకి మధ్యలో వంగి ఉంటాయి, ఆ వంపు అడుగున ఉన్న గీతే చదవాలి. చెయ్యి వణుకుతుంటే గాజును గోడకు ఆనించి, కళ్లు దాని ఎత్తుకు దించి చదివిందట. సీసా నిండి పొర్లితే లెక్క పోయినట్టే, కాబట్టి కుండపోత వానలో మళ్లీ మళ్లీ వెళ్లి కొలవాలి. లోపలికొచ్చి అంకె రాసి, డ్యూటీ మారేటప్పుడు తర్వాత కూర్చునే మనిషికి ఇప్పటిదాకా ఏం జరిగింది, ఏ అంకె మీద అనుమానం ఉంది, ఎవరికి ఫోన్ చేయాల్సి ఉంది, అన్నీ నోటితో చెప్పి పుస్తకంలో సంతకం పెట్టి వెళ్లి పడుకుంది. 'పడుకోవడం నేర్చుకోవడమే కష్టమైంది సార్, తుఫాను వదిలి రావాలనిపించదు' అంది. ఇప్పటి పిల్లలతో నేను మొదట మాట్లాడేది దీని గురించే. పని అప్పగించి నిద్రపోగలిగినవాళ్లే ఇక్కడ నిలబడతారు. అన్నీ నేనే చూస్తానంటూ మూడు రోజులు మేలుకునేవాళ్లు మూడో రోజు తప్పు రాస్తారు.

ఆడపిల్ల అన్న మాటకు వస్తాను. మీ వారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. పోస్టింగ్ దేశంలో ఎక్కడైనా పడొచ్చు, చుట్టూ ఎవరూ లేని పరిశీలన కేంద్రాలూ ఉంటాయి, రాత్రి ఎలా వెళ్లాలి, క్వార్టర్స్ ఉన్నాయా అన్నది చేరేటప్పుడు గట్టిగా అడగాల్సిన విషయమే. తుఫాన్లు ఎక్కువగా వచ్చే కాలం అక్టోబర్ నుంచి డిసెంబర్, అంటే దీపావళికీ కార్తీక మాసానికీ సెలవు దొరకడం కష్టం. ఇవన్నీ ఉన్నాయి. అయితే ఈ శాఖలో ఆడవాళ్లు కొత్త కాదు. 1948లో పుణెలో చేరిన అన్నా మణి గారు మన దేశంలో వాతావరణ పరికరాల తయారీకి ప్రమాణాలు నిలబెట్టి, 1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా రిటైరయ్యారు.

ఇక చదువు. బీఎస్సీ ఫిజిక్స్ తీసుకోవచ్చు, కానీ మ్యాథ్స్ వదలకూడదు, కోర్సులో రెండూ గట్టిగా ఉన్నాయో లేదో చూసుకుని సీటు తీసుకోండి. ఆ తర్వాత విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనే వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది, కొచ్చిన్ యూనివర్సిటీ ఉంది, ఐఐటీ ఢిల్లీలో ఈ సబ్జెక్టులో ఎంటెక్ ఉంది. బీటెక్ చేసి గేట్ రాసి ఆ ఎంటెక్‌కు వెళ్లే దారి కూడా ఉంది కాబట్టి, బీటెక్ చేస్తే ఈ కల పోయినట్టే అని మీ పాప అనుకోనక్కర్లేదు. తనకూ నాన్నకూ మధ్య గొడవ దీని గురించే అయితే అది ఇక్కడితో ఆపేయండి.

ఉద్యోగాల విషయంలో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ 2017లో నోటిఫికేషన్ ఇచ్చింది, తర్వాత మళ్లీ 2022లో 990 పోస్టులకు ఇచ్చింది. మధ్యలో ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో కూర్చుని ఎదురుచూసిన పిల్లలు నాకు తెలుసు, వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఆ పోస్టుకు మొదటి మూలవేతనం 35,400, అంతకన్నా పైదైన సైంటిస్ట్-బి స్థాయిలో చేరితే 56,100. అందుకని ఈ ఒక్క నోటిఫికేషన్ మీదే ఆశ పెట్టుకోకుండా పీజీ దాకా చదివించండి, పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ నేర్పించండి. వైమానిక దళంలో వాతావరణ విభాగం ఉంది, సోలార్, గాలిమరల కంపెనీలకు, పంటల బీమా వాళ్లకు ఈ చదువు కావాలి, హైదరాబాద్‌లో సముద్ర సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ ఉంది.

నిర్ణయం ఇప్పుడే తీసుకోకండి. పాప చేత ఒక నోటుబుక్ పెట్టించండి. రోజూ 8.30కి డాబా మీద నుంచి మబ్బు, గాలి ఎటు, చలి ఎంత, వాన పడితే ఎంత అని రాయాలి, సాయంత్రం రేపటి గురించి తెలుగులో మూడే వాక్యాలు రాయాలి, పల్లెలో పొలం ఉన్న మీ బంధువులకు అర్థమయ్యేట్టు. మర్నాడు తప్పైతే దాన్ని కొట్టేయకుండా పక్కన ఎర్ర ఇంకుతో ఎందుకు తప్పిందో రాయాలి. పరీక్షలున్నాయి కాబట్టి పది నిమిషాలు చాలు. తుఫాను రాత్రి మేలుకోవడం చాలామంది చేస్తారమ్మా, ఏమీ జరగని అరవై రోజులు మానకుండా రాస్తుందా అన్నది చూడండి. పరీక్షలయ్యాక ఆ పుస్తకం పట్టుకుని ముగ్గురూ రండి, మీ వారిని తప్పకుండా తీసుకురండి, ఆయన అడగాల్సినవన్నీ ముందే ఒక కాగితం మీద రాసుకుని రమ్మనండి.