ఎన్జీవోలు, ఉద్యమాలు ప్రభుత్వ అవినీతిని నిజంగా తగ్గించగలవా? సోషల్ ఆడిట్‌లో నేను చూసింది

ధర్నాలు చేసి, ప్రెస్‌మీట్లు పెట్టడం తప్ప పౌర సంఘాల వల్ల ప్రభుత్వంలో అవినీతి తగ్గుతుందా అన్నది ప్రశ్న. తగ్గుతుంది, కానీ అన్ని రకాల అవినీతీ కాదు. కాగితం మీద ఎవరి పేరుందో ఆ మనిషి ముందే ఆ కాగితం చదవగలిగిన చోట తగ్గుతుంది. మిగతా చోట్ల దొంగతనం ఆగదు, పక్కకు జరుగుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ సోషల్ ఆడిట్లు, అంటే పనుల లెక్కలను జనం ముందే సరిచూసే తనిఖీలు జరిగేటప్పుడు గ్రామ స్థాయి ఆడిటర్‌గా, అంటే వీఎస్ఏగా తిరిగాను. అక్కడ చూసిందే చెబుతున్నాను.

ఈ పద్ధతి ఏ సచివాలయంలోనూ పుట్టలేదు. రాజస్థాన్‌లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ తదితరులు 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పెట్టారు. కూలీలకు రావలసిన డబ్బు ఎక్కడ పోతోందో తేల్చడానికి 1994 చివర్లో ఊరందరినీ కూర్చోబెట్టి పంచాయతీ మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు బిగ్గరగా చదివారు. 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా చేశారు. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చిందంటే దాని వెనక ఆ ఒత్తిడి ఉంది. అదే ఏడాది వచ్చిన ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో గ్రామసభే సోషల్ ఆడిట్ చేయాలని రాశారు. ఆంధ్రప్రదేశ్ 2006లో మొదలుపెట్టి, 2009లో దీనికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీనే ఏర్పాటు చేసింది. ఆ రాజస్థాన్ సంఘటన్‌లో పనిచేసిన సౌమ్య కిడాంబి దానికి చాలా ఏళ్లు డైరెక్టర్‌గా ఉన్నారు.

వీఎస్ఏలంటే పెద్ద చదువులవాళ్లేం కాదు. ఎక్కువమంది జాబ్ కార్డున్న కుటుంబాల పిల్లలే. సొంత ఊరు ఇవ్వరు, పక్క ఊళ్లకు పంపుతారు. మస్టర్ల జెరాక్సులు పట్టుకుని గడప గడపకూ వెళ్లి, ఫలానా వారం ఇన్ని రోజులు పని చేశారట, ఇంత డబ్బు తీసుకున్నారట, నిజమేనా అని అడగాలి. పనంతా ఇంతే. ఇంతకంటే పదునైన ఆయుధం నేనింకా చూడలేదు.

ఒకావిడ గుర్తుంది. మస్టర్‌లో ఆమె పేరు మీద వరసగా హాజరు, చివర్లో చక్కటి సంతకం. చదివి వినిపిస్తే, "ఆ నెలంతా మా అమ్మాయి పురుడని హైదరాబాద్‌లోనే ఉన్నా, ఇక సంతకమంటావా, నాకు వేలిముద్ర తప్ప రాదు బాబూ" అంది. ఊళ్లో పనులు చూస్తూ హాజరు వేసే ఫీల్డ్ అసిస్టెంట్ అప్పటికి ఆ వీధిలో లేడు. కాసేపటికి అతను వచ్చి అరుగు మీద కూర్చోగానే ఆమె మాట మారిపోయింది: "ఏమో, చేశానేమో, గుర్తులేదు." తప్పు ఆమెది కాదు. రేపు పని అడగాల్సింది అతన్నే. అందుకే మా డీఆర్పీ, అంటే మా పైన ఉండే జిల్లా రిసోర్స్ పర్సన్, ఒక పద్ధతి పాటించేవారు. వాంగ్మూలం అక్కడికక్కడే రాయడం, రాసింది తిరిగి చదివి వినిపించడం, వేలిముద్ర తీసుకోవడం, ఆ తర్వాతే ఇంకో ఇంటికి కదలడం. గ్రామసభలో ఆమె నోరు విప్పకపోయినా కాగితం మాట్లాడింది. అది విన్నాక ఇంకో ఇద్దరు లేచి మా పేర్లు కూడా చూడండి అన్నారు.

మండలంలో ప్రజావేదిక, అంటే బహిరంగ విచారణ జరిగే రోజు షామియానా కింద అధికారులు పైన, జనం కింద. ఒక్కో ఊరి నివేదిక చదువుతారు. కొందరు ఫీల్డ్ అసిస్టెంట్లు అక్కడే డబ్బు తిరిగి కడతామని ఒప్పుకున్నారు. కూలీలకు అదొక పండగలా ఉండేది, అందులో అబద్ధం లేదు. కానీ ఆ తర్వాత కథ అంత బాగోదు. రికవరీ అని రాసిన మొత్తంలో వసూలయ్యేది కొంతే. వేటు పడేది ముందుగా ఫీల్డ్ అసిస్టెంట్ మీద, ఎందుకంటే అందరికంటే చిన్నవాడు అతనే. ఎం-బుక్‌లో (పని కొలతల పుస్తకంలో) కొలతలు రాసిన ఇంజినీరింగ్ సిబ్బందికీ బిల్లు పాస్ చేసినవాళ్లకూ మెమోలతో సరి. తీసేసిన మనిషి ఏదో ఒక నాయకుడి సిఫారసుతో మళ్లీ చేరడమూ చూశాను.

ఇంకో సంగతి కూడా అప్పుడే గమనించాం. మేం మస్టర్లు గట్టిగా చూసేకొద్దీ దొంగ హాజర్లు తగ్గాయి, మెటీరియల్ బిల్లులు లావెక్కాయి. ఎన్ని రోజులు పనికి వెళ్లారో కూలికి తెలుసు. రోడ్డు కింద ఎంత కంకర పోశారో, సిమెంటు ఎంత పాళ్లలో కలిపారో ఎవరికి తెలుసు? ఇది మా మండలం గోల కాదని తర్వాత చదివితే తెలిసింది. ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఐవర్సన్ ఆంధ్రప్రదేశ్ ఆడిట్ నివేదికలను పరిశీలించి ఇదే చెప్పారు. ఇండోనేషియాలో బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్త 600కు పైగా గ్రామాల్లో కొత్తగా వేసిన రోడ్లను ఇంజినీర్లతో తవ్వించి, ఖర్చెంతయ్యుండాలో లెక్క కట్టించాడు. జనాన్ని లెక్కల సమావేశాలకు పిలిచిన చోట కూలి డబ్బు దొంగతనం తగ్గింది, సామగ్రి దొంగతనం మాత్రం అలాగే సాగింది. ప్రభుత్వ ఆడిట్ తప్పకుండా వస్తుందని ముందే తెలిసిన చోట మాయమయ్యే సొమ్ము 8 శాతం పాయింట్లు తగ్గింది.

అందుకే జనమా, ప్రభుత్వ యంత్రాంగమా అని తేల్చుకోమనే వాదన నాకు నచ్చదు. రెండూ కావాలి. పెద్ద ఉద్యమాల సంగతీ అంతే. 2011 ఆగస్టులో అన్నా హజారే దీక్షకు దేశమంతా రోడ్డెక్కింది. లోక్‌పాల్ చట్టం 2013 డిసెంబరులో పాసైంది. కానీ మొదటి లోక్‌పాల్‌గా జస్టిస్ పినాకి చంద్ర ఘోష్‌ను నియమించింది 2019 మార్చిలో (కాళేశ్వరం కమిషన్ వల్ల మనవాళ్లకు ఆయన పేరు తెలిసే ఉంటుంది). చట్టం వచ్చాక ఆ కుర్చీ ఎందుకు ఖాళీగా ఉందని వదలకుండా అడిగినవాళ్లు కొద్దిమందే. ఏదైనా సంస్థ మంచిదా కాదా అని నన్నడిగితే నేను చూసేది ఒక్కటే: ప్రజావేదిక అయిపోయిన ఆర్నెల్లకు వాళ్లు మళ్లీ ఆ ఆఫీసుకు వెళ్లి రికవరీ ఏమైందని అడుగుతున్నారా? ఫోటోలు దిగి వెళ్లిపోయేవాళ్లకు కొదవ లేదు.

మీరేదైనా చేయాలనుకుంటే సమాచార హక్కు దరఖాస్తుతో మొదలుపెట్టండి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. "ఎందుకు ఇలా చేశారు" అని అడక్కండి, దానికి జవాబు రాదు. ఫలానా పని మస్టర్లు, ఎం-బుక్, మెటీరియల్ బిల్లుల నకళ్లు కావాలని అడగండి. పనిని స్వయంగా వెళ్లి పరిశీలించే హక్కు, వాడిన సామగ్రి నమూనా ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా సమాచార హక్కు చట్టం 2(జె) సెక్షన్ ఇస్తోంది. చాలామంది దాన్ని వాడరు. నా దృష్టిలో మెటీరియల్ దొంగతనానికి అదే మందు. ఊళ్లో రిటైరైన ఇంజినీరు ఎవరైనా ఉంటే పట్టుకెళ్లండి.

ఒంటరిగా మాత్రం దిగకండి. అక్రమ మైనింగ్ మీద పోరాడిన అమిత్ జెఠ్వాను 2010 జూలైలో గుజరాత్ హైకోర్టు ఎదుటే కాల్చి చంపారు. అవినీతిని బయటపెట్టేవాళ్ల రక్షణకు 2014లో చట్టమైతే చేశారు గానీ దాన్ని అమల్లోకి తేలేదు. కాబట్టి ఒకే విషయం మీద నలుగురైదుగురు వేర్వేరుగా దరఖాస్తు పెట్టండి, అప్పుడు ఎవరో ఒక్కరి మీద కన్ను పడదు. దరఖాస్తు ఇచ్చినప్పుడు మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి. 30 రోజుల గడువు దాటిందని అప్పీలుకు వెళ్లేటప్పుడు ముందు అడిగేది అదే.