ఉమ్మనీరు ఎక్కువైందని నీళ్లు తాగడం మానేయకండి

ఎనిమిదో నెల, ఉమ్మనీరు ఎక్కువుంది, ముందే కాన్పు అయిపోతుందా అని ఒకరు అడిగారు. అందరికీ అవ్వదు. నాకైతే అయింది.

మాది ఆదోని. 31వ వారం స్కానింగ్‌లో ఏఎఫ్‌ఐ, అంటే ఉమ్మనీరు ఎంతుందో చెప్పే అంకె, 27 వచ్చింది. 25 దాటితే ఎక్కువ కింద లెక్క. స్కానింగ్ సెంటర్‌లో మూడు గంటలు కూర్చోబెట్టి, కాగితం చేతిలో పెట్టి పంపేశారు. అందులో ఏముందో మా తమ్ముడు ఫోన్‌లో వెతికి చెప్పాడు.

ఆ రోజు నుంచి మా అత్త నీళ్ల బిందె మీద కాపలా. ఏప్రిల్ ఎండల్లో! "లోపలే ఎక్కువైనాయంటే పైనుంచి పోసేది ఎందుకు మే" అంటుంది. ఉమ్మనీరంటే మనం తాగింది పోయి చేరేది కాదు. ఆ నెలల్లో అది చాలావరకు బిడ్డ పోసే మూత్రమే, బిడ్డే మళ్లీ మింగుతుంటుంది. బిడ్డ మింగలేకపోయినా ఉమ్మనీరు పెరుగుతుంది, తల్లికి షుగర్ ఉన్నా పెరుగుతుంది. చాలామందికి కారణమే దొరకదు. నాది షుగర్. సీమంతం ఓళిగలు వారం రోజులు తిన్నాను మరి. గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూస్తే 168, అది 140 లోపుండాలి. ఆరో నెలలోనే ఈ పరీక్ష రాసి ఉండాల్సింది, ఎవరూ రాయలేదు.

35వ వారంలో అమ్మ వాళ్లింట్లో ఉన్నాను. కరెంటు లేక వాకిట్లో నవారు మంచం వేసుకున్నాం. అర్ధరాత్రి నేల మీద నీళ్లు పడిన చప్పుడు. "చెంబు తన్నినావా?" అంటూ అమ్మ లేచింది. చెంబు నిండుగా అట్లే ఉంది. నేను లేవబోతుంటే పక్కింటి ఆశా వర్కర్ అక్క గోడ మీదనుంచే కేకేసింది, లేవద్దు, ఎడమ పక్కకు తిరుగు అని. ఉమ్మనీరు ఒక్కసారిగా పోతే బొడ్డుతాడు బిడ్డ కంటే ముందు జారే ప్రమాదం ఉందట. 108లో కర్నూలు దాకా పడుకునే వెళ్లాను. దాదాపు వంద కిలోమీటర్లు, ఆ రోడ్డు సంగతి వేరే చెప్పాలి. అక్కడ డాక్టరమ్మ మొదట చూసింది తాడునే. కాన్పయ్యాక రక్తం కూడా ఎక్కువ పోయింది. సాగిన గర్భసంచి తొందరగా ముడుచుకోదట.

అందుకే నన్నడిగితే ఏఎఫ్‌ఐ అంకె కంటే ముందు ఆస్పత్రికి ఎంత దూరంలో ఉన్నారో చూసుకోండి. 34 వారాల లోపే నొప్పుల అనుమానం ఉంటే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడేందుకు తల్లికి ఇంజెక్షన్లు ఇస్తారు, ఆలస్యం చేయకుండా వెళ్లండి.

పాప 2.4 కిలోలు పుట్టింది, ఇప్పుడు బాగానే ఉంది. మా అత్త మాత్రం, ఆ రాత్రి మంచం కింద అమ్మ చెంబు పెట్టబట్టే అట్లయిందని ఇప్పటికీ అంటుంది.