పరాయి దేశపు యూనిఫాం

ప్రశ్న: మా అక్క కొడుకు గ్రీన్ కార్డు మీద ఉంటూనే అమెరికా సైన్యంలో చేరాడు. "మనది కాని దేశం కోసం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమేంటి?" అని చుట్టాలు అక్కని సాధిస్తున్నారు. ఇలా వలస వెళ్ళి చేరినవాళ్ళకి అక్కడ విలువుంటుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ అక్కగారికి టిబోర్ రూబిన్ కథ చెప్పండి. హంగరీలో పుట్టిన యూదు కుర్రాడు. తల్లిదండ్రుల్ని నాజీలు పొట్టనబెట్టుకున్నారు. 1945 మే నెలలో అమెరికా సైనికులు వచ్చి ఆస్ట్రియాలోని మౌట్‌హౌజెన్ నాజీ నిర్బంధ శిబిరం తలుపులు తెరిచేనాటికి అతనికి పదిహేనేళ్ళు. ఎప్పటికైనా అమెరికా చేరితే ఆ సైన్యంలోనే పనిచేస్తానని అనుకున్నాడు. 1948లో న్యూయార్క్ చేరాడు, 1950లో కొరియా యుద్ధానికి వెళ్ళాడు. అప్పటికింకా అమెరికా పౌరుడు కాదు.

అక్కడ తన సైనిక దళం వెనక్కి తగ్గుతుంటే ఒక కొండని 24 గంటలు ఒక్కడే కాచాడు. నేను పద్దెనిమిదేళ్ళు సైన్యంలో చేసినవాణ్ణి. ఒంటరి కాపలాలో ఒక్క రాత్రి ఎంత పొడుగ్గా ఉంటుందో నాకు తెలుసు.

కానీ నాకు ఆ కొండకన్నా ఖైదు పెద్దదనిపిస్తుంది. ఉత్తర కొరియా వైపు పోరాడుతున్న చైనావాళ్ళకి పట్టుబడి రెండున్నరేళ్ళు ఉన్నాడు. చలికీ ఆకలికీ మనుషులు రాలిపోతున్నారు. రూబిన్ చీకటి పడ్డాక బయటికి జారుకుని, శత్రువుల తిండి కొట్టుల్లోనూ తోటల్లోనూ దొరికింది పట్టుకొచ్చి పంచేవాడు. దొరికితే ప్రాణాలు దక్కవు. లేవలేనివాళ్ళ ఒంటిమీద పేలు ఏరేవాడు. ఒకతని పుండు కుళ్ళిపోతుంటే పురుగుల్ని తెచ్చి అందులో వేశాడు. అవి కుళ్ళిన కండని తినేసి పుండుని శుభ్రం చేశాయి. నాజీ శిబిరంలో బతకడానికి నేర్చినవన్నీ ఇక్కడ తోటివాళ్ళకి పనికొచ్చాయి. అలా నలభైమంది దాకా బతికారంటారు. మధ్యలో హంగరీకి పంపిస్తామని చైనావాళ్ళు ఆశచూపినా, తోటి ఖైదీల్ని వదిలి కదల్లేదు.

విలువుంటుందా అన్నారు. ఉంటుంది, కానీ వెంటనే దక్కుతుందని చెప్పలేను. యూదులంటే గిట్టని ఒక సార్జెంటు అతని పతకం కాగితాలు పైకి పంపలేదు. అతని చేతి తిండి తిని బతికినవాళ్ళు ఏళ్ళ తరబడి పట్టువదలకపోతే, 2005 సెప్టెంబరు 23న వైట్ హౌస్‌లో అమెరికా సైన్యపు అత్యున్నత శౌర్య పతకం మెడల్ ఆఫ్ ఆనర్ మెడలో పడింది. అప్పటికి డెబ్భై ఆరేళ్ళు. పౌరసత్వం మాత్రం 1953లో, ఖైదునుంచి తిరిగొచ్చాక వచ్చింది.

మీ అబ్బాయి ఈసారి ఫోన్ చేసినప్పుడు ఎందుకు చేరావని చుట్టాల తరఫున కాకుండా మీ తరఫున అడగండి. అతను చెప్పేదాకా మధ్యలో మాట్లాడకండి.