నక్తాలు మొదలుపెట్టే ముందు

చిట్టీ,

కార్తీకం నెలంతా మీ అత్తగారూ నువ్వూ కలిసి నక్తాలుంటామని మొక్కుకున్నారటగా. మీ అమ్మ ఫోన్ చేసి, "అప్పా, నా మాట వినదు, నువ్వైనా చెప్పు" అంది. మానిపించమని దాని ఉద్దేశం. నాకు మాత్రం ముందు ముచ్చటేసింది. నాగులచవితికి పుట్ట దగ్గర పూజ అయ్యేదాకా ఆగలేక, చలిమిడి కోసం ఏడ్చిన గుంటవి నువ్వు! ఫోన్ పెట్టేశాక, మీ అత్తగారు షుగర్ మాత్రలు వేసుకుంటారన్న సంగతి గుర్తొచ్చింది. ఇక నిద్ర పట్టలేదు.

పద్ధతి నీకు తెలిసిందే. పగలు ఉపవాసం, సందెవేళ దీపం, చుక్కను చూసి భోజనం. నీళ్ళు మాత్రం మానకు. మన ఉద్దానంలో ఇన్ని కిడ్నీ జబ్బులు ఎందుకొస్తున్నాయో ఇప్పటికీ తేలలేదు. దాహంతో ఒంటిని ఎండబెట్టుకోవడం మనకెందుకు? రాత్రి కూడా పులిహోర, గారెల మీద పడకు. ముందు కాస్త చోడి (రాగి) జావ తాగి, తర్వాత అన్నం, కందా బచ్చలి కూర తిను. తినేటప్పుడు ఫోన్ పక్క గదిలో ఉండాలి. అదీ వ్రతంలో భాగమే అనుకో.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

1997 కార్తీకం. మీ పెదనాన్నకి షుగర్ వచ్చి రెండేళ్ళయింది. "ఒక్క సోమవారమేగా, మీరూ ఉండండి" అని నేనే పోరు పెట్టి శ్రీముఖలింగం బయల్దేరదీశాను. పొద్దున్నే ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుంటుంటే చూశాను. మాత్ర తిండి కాదుగా, ఉపవాసం చెడదులే అనుకున్నాను. అది ఒంట్లో ఇన్సులిన్ ఊరించే మాత్ర అనీ, కడుపులో ఏమీ లేకపోతే రక్తంలో ఉన్న చక్కెర కూడా పడిపోతుందనీ నాకేం తెలుసు?

వంశధారలో మునిగి, వచ్చి లైన్లో నిలబడ్డాం. మధ్యాహ్నానికి ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది. ఎండకేమో అనుకున్నాను. చేతులు వణుకుతున్నాయి. ఒకటడిగితే ఒకటి చెబుతున్నారు. ఇంతలో, "ఆకలేస్తోందే" అన్నారు. జన్మలో నన్నలా అడిగిన మనిషి కాదు. స్వామికని తెచ్చిన అరటిపళ్ళు నా బుట్టలోనే ఉన్నాయి. "దీపం పెట్టేదాకా ఓపిక పట్టలేరా?" అని కసిరాను. కసరడమే కాదు చిట్టీ, బుట్టని ఆయనకి అందకుండా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

కాసేపటికి గోడకి ఆనుకుని జారిపోయారు. కొబ్బరికాయలమ్మే ముసలమ్మ చూసి పరిగెత్తుకొచ్చింది. ఇంకా మింగగలుగుతున్నారని చూసి, టీ కొట్టులో పంచదార నీళ్ళు కలిపించి పట్టించింది. "పళ్ళట్టుకుని సూస్తన్నావేటమ్మా?" అంది నాతో. పావుగంటకి ఆయన తేరుకుని, నన్ను అడిగిన మొదటి మాట, "దీపం పెట్టేశావా?"

చాలా ఏళ్ళకి గీత పదిహేడో అధ్యాయంలో, ఒంటిని మాడ్చుకునేవాళ్ళు లోపలున్న నన్నూ మాడుస్తున్నారని కృష్ణుడన్న చోట పుస్తకం మూసేశాను. ఆ రోజుకిక ముందుకు చదవబుద్ధి కాలేదు. శ్రీముఖలింగం నుంచి వచ్చిన మర్నాటి నుంచి ఆయన ఉన్నన్నాళ్ళూ, పొద్దున్నే చోడి అంబలి గ్లాసు చేతికిచ్చాకే మాత్ర ఇచ్చేదాన్ని. దేవుడి గదిలో దీపం ఆ తర్వాతే.

కాబట్టి ఈ వారంలోనే మీ అత్తగారిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు. అలాంటి మాత్ర తిండి లేకుండా వేసుకోకూడదు. అలాగని సొంతంగా మానేయకూడదు. ఆవిడని వేళకి తిని దీపం పెట్టమంటే చాలు, నక్తాలు నువ్వుండు. చెమట, వణుకు, తికమక మాటలు కనిపిస్తే మిషన్‌తో షుగర్ చూడు. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, పావుగంటకి మళ్ళీ చూడు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చెయ్యి. కోడలివి, చెప్పడానికి మొహమాటపడతావని తెలుసు. ఆవిడకి ఫోన్ ఇవ్వు, నేను మాట్లాడతాను.

మీ బావ ఆదివారం పలాసలో బండెక్కుతాడు. రెండు కేజీల చోడిపిండి పంపిస్తున్నాను. అందులో చిన్న పంచదార పొట్లం కూడా ఉంది. అది మీ అత్తగారి చేతిసంచిలో పెట్టు.

మీ పెద్దమ్మ