చంటిపిల్లలంటే ఇష్టం ఒక్కటే చాలదు

"మేడమ్, మాది పరకాల దగ్గర ఊరు. మా అమ్మాయి హన్మకొండలో డిగ్రీ ఆఖరు సంవత్సరం. బీఈడీ చెయ్యమంటే వద్దంటోంది. కాలేజీవాళ్లు ఓసారి దిక్కులేని చంటిపిల్లల్ని ఉంచే శిశుగృహకు తీసుకుపోయిన దగ్గర్నుంచి ఒకటే మాట: ఎమ్మెస్‌డబ్ల్యూ అని సోషల్ వర్క్ పీజీ చదివి, పిల్లల్ని దత్తత ఇచ్చే చోట పని చేస్తదట. అందులో ఉద్యోగాలు ఉంటయా? ఆ ఏడుపుల మధ్య ఆడపిల్ల తట్టుకుంటదా?" అని ఒక తల్లి అడిగారు.

అమ్మా, మీ రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను. అసలు సంగతి అందులోనే ఉంది.

ఒక్కరోజు శిశుగృహ చూసొచ్చినవాళ్ల కళ్లల్లో మిగిలేది ఉయ్యాలలు, పసిపిల్లలు. ఆ పిల్లలకు పాలు పట్టేది, ఒళ్లు తుడిచేది ఆయమ్మలు, నర్సులు. సోషల్ వర్కర్ పొద్దంతా గడిచేది పెద్దవాళ్లతో. పెళ్లి కాకుండా తల్లయిన పిల్ల, మళ్లీ ఆడపిల్లే పుట్టిందని భార్యను సంతకానికి వెంటబెట్టుకొచ్చిన మనిషి, పదేళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరిగి అలసిపోయిన దంపతులు, వీళ్లందరి ఎదురుగా కూర్చోవాలి. బిడ్డను వదులుకుంటానని తల్లి, జిల్లాలో పిల్లల విషయాలు తేల్చే బాలల సంక్షేమ సమితి ముందు సంతకం పెట్టాక కూడా మనసు మార్చుకోవడానికి చట్టం 60 రోజుల గడువిస్తుంది. సంతకానికి ముందు ఆమెతో మాట్లాడాల్సింది సోషల్ వర్కరే. "ఇచ్చెయ్" అనొద్దు, "ఇయ్యకు" అనీ అనొద్దు. అమ్మమ్మ ఇంట్లో చోటుందా, కేంద్రం పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ సాయం దొరుకుతుందా, బిడ్డను తనే సాదుకునే దారి ఏదైనా ఉందా, ఇవన్నీ విడమర్చి చెప్పి నిర్ణయం ఆమెకే వదలాలి. ఈ పని మొత్తంలో కష్టమైన గంట అదేనని నా నమ్మకం. ఇరవై రెండేళ్ల పిల్లకు అది పుట్టుకతో రాదు. నేర్పితే వస్తుంది.

తర్వాతది ఇళ్లు చూడటం. దత్తత కోరేవాళ్లు దత్తతలు చూసే కేంద్ర సంస్థ 'కారా' పోర్టల్‌లో నమోదు చేసుకుంటారు. సోషల్ వర్కర్ వాళ్లింటికి వెళ్లి హోమ్ స్టడీ రిపోర్ట్ రాయాలి. జీతం కాగితాలు చూడటం ఎవరైనా చేస్తారు. ఇంట్లో అత్తమ్మకు ఈ మాట చెప్పారా, పిల్ల రంగు గురించి ఎన్నిసార్లు అడిగారు, దత్తత అన్న నిజం రేపు బిడ్డకు చెప్పే ధైర్యం ఉందా, ఇవి మాటల మధ్యలో పట్టుకోవాలి. ప్రేమగా చాయ్ పోసిన ఇంటి గురించి "వీళ్లు ఇంకా సిద్ధంగా లేరు" అని రాయగలగాలి. బిడ్డ వెళ్లాక రెండేళ్లపాటు ఆర్నెల్లకోసారి వెళ్లి చూడాలి.

ఫోస్టర్ కేర్ వేరు. తల్లిదండ్రులు జైల్లోనో, తీరని జబ్బుతో మంచంలోనో ఉంటే, ఆ బంధం తెగకుండానే బిడ్డను వేరే కుటుంబం కొంతకాలం సాదుతుంది. కేంద్రం 2024 మార్గదర్శకాల తర్వాత 35 నుంచి 60 ఏళ్ల మధ్య ఒంటరి మనుషులు కూడా ముందుకు రావచ్చు. బిడ్డ దత్తతకు అర్హత ఉన్నదైతే, రెండేళ్లు సాదినవాళ్లు దత్తత కూడా కోరవచ్చు.

సాదుకునుడు మనకు కొత్త కాదు. అక్క బిడ్డను చెల్లె పెంచిన ఇళ్లు మీ వాడలోనూ ఉంటాయి. ఆ అలవాటును అడ్డం పెట్టుకుని, కాన్పయిన బిడ్డను "మంచి ఇంటికి ఇప్పిస్తం" అని డబ్బు గుంజే దళారులు తయారవుతారు. పిల్లల్ని కొన్నా అమ్మినా 5 ఏళ్ల దాకా జైలు. ఈ మాట మానుకోట (మహబూబాబాద్), ములుగు తండాల్లో వాళ్ల భాషలో చెప్పేవాళ్లు కావాలి. మీ అమ్మాయికి లంబాడీ వస్తే అది పెద్ద ఆస్తి, రాకపోతే ఇప్పటి నుంచే నేర్చుకోమనండి.

ఇక తట్టుకోవడం. నా దగ్గర సలహా తీసుకుని ఈ దారిలో వెళ్లిన ఒకమ్మాయి, ఎనిమిది నెలలు కళ్లముందు పెరిగిన పాపను మొదటిసారి కొత్త అమ్మానాన్నల చేతికిచ్చిన రోజు నాకు ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మరుసటి వారం ఇంకో ఇంటికి హోమ్ స్టడీకి వెళ్లింది. ఇప్పటికీ అదే పనిలో ఉంది.

ఉద్యోగం గురించి దాచకుండా చెప్తాను. శిశుగృహల్లో, జిల్లా బాలల పరిరక్షణ విభాగాల్లో ఉండేవి ఎక్కువగా కాంట్రాక్టు కొలువులు. మిషన్ వాత్సల్య లెక్కలో సోషల్ వర్కర్‌కు నెలకు 18,536 రూపాయలు, ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు 27,804. జిల్లాకు కొద్ది పోస్టులే. జీతం ఆలస్యమయ్యే నెలలూ ఉంటాయి. దీని మీదే ఇల్లు నడవాల్సిన పరిస్థితి మీదైతే, ఆ మాట అమ్మాయితో ఇప్పుడే చెప్పండి. ఎమ్మెస్‌డబ్ల్యూ చదివినవాళ్లకు ఆసుపత్రుల్లో, స్వచ్ఛంద సంస్థల్లో కూడా పని దొరుకుతుంది. చదువైతే దూరం పోనక్కర్లేదు. కాకతీయ విశ్వవిద్యాలయంలోనే ఉంది, రెండేళ్లు, సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి, ఏ డిగ్రీ అయినా సరే.

నా మాట అడిగితే, చేరనివ్వండి. చేరాక ఫీల్డ్‌వర్క్ బాలల పరిరక్షణ విభాగంలోనే అడిగి వేయించుకోమనండి. ఆ కొన్ని నెలల్లో ఈ పని తనదో కాదో తనకే తెలుస్తుంది. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రిపోర్టు రాయడం, స్కూటీ నడపడం, ఈ రెండూ ఎండాకాలంలోనే నేర్చుకోవచ్చు.

ఇంకొకటి. శిశుగృహకు వెళ్లిన రోజు అక్కడి పిల్లలతో ఫొటో దిగి వాట్సాప్ స్టేటస్ పెట్టిందేమో అడగండి. ఎక్కడైనా ఉంచితే ఈరోజే తీసేయమనండి. ఆ పిల్లల మొహం, పేరు బయటపెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద నేరం.