జాజ్ పుట్టిల్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: జాజ్‌ను జెల్లీ రోల్ మోర్టన్ 1902లో కనిపెట్టాడని ఒకచోట చదివాను. 1917లో తెల్లవాళ్ళ బ్యాండ్ చేసిన రికార్డే మొదటి జాజ్ అని ఇంకోచోట ఉంది. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నమ్మనక్కర్లేదు. 1902 అన్నది న్యూ ఆర్లియన్స్ పియానిస్టు మోర్టన్ తన గురించి తాను చెప్పుకున్న మాట. అప్పటికి అతనికి నిండా పదమూడేళ్ళు కూడా ఉండవు. అతని అసలు ఘనత వేరు. చెవి మీద నడిచే ఈ సంగీతాన్ని కాగితం మీద పెట్టినా ప్రాణం పోదని చూపించాడు. అతని ‘జెల్లీ రోల్ బ్లూస్’ 1915లోనే అచ్చయింది.

ఇక 1917 సంగతి. ఆ ఏడాది ఫిబ్రవరి 26న న్యూయార్క్‌లో విక్టర్ కంపెనీ ‘ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్’ పాటలు రెండు రికార్డు చేసింది. వాయించిన అయిదుగురూ న్యూ ఆర్లియన్స్ తెల్లవాళ్ళు. అందులో ‘లివరీ స్టేబుల్ బ్లూస్’ వినండి. క్లారినెట్ కోడిలా కూస్తుంది, కార్నెట్ (ట్రంపెట్ లాంటి బూర) గుర్రంలా సకిలిస్తుంది, ట్రాంబోన్ ఆవులా అరుస్తుంది. అది మొదటి జాజ్ రికార్డు అనడం సరే. మొదటి జాజ్ అంటేనే తప్పు.

అంతకు ఇరవై ఏళ్ళ ముందే బడీ బోల్డెన్ అనే నల్లజాతి కార్నెట్ వాద్యకారుడు న్యూ ఆర్లియన్స్ డాన్స్ హాళ్ళలో బ్లూస్ అనే నల్లవాళ్ళ విషాద గీతాలనూ, చర్చి పాటల ఊపునూ, తాళానికి ఎదురు నడిచే రాగ్‌టైమ్‌నూ కలిపి వాయిస్తున్నాడు. 1906 నాటికి మతి చెదిరింది. 1907లో మానసిక చికిత్సాలయంలో చేర్చారు. 1931లో అక్కడే పోయాడు. అతను వాయించింది ఒక్క రికార్డు కూడా మిగల్లేదు. రికార్డులను మాత్రమే చరిత్ర అనుకుంటే, అసలు పని జరిగిన ఆ ఇరవై ఏళ్ళూ గల్లంతవుతాయి.

ప్రశ్న: బానిసత్వం అమెరికా దక్షిణాది అంతటా ఉంది కదా. మరి న్యూ ఆర్లియన్స్‌లోనే ఎందుకు పుట్టింది?

జవాబు: చాలాచోట్ల బానిసల చేతికి డప్పు అందనివ్వలేదు. తిరుగుబాటుకు సంకేతమవుతుందన్న భయం. న్యూ ఆర్లియన్స్‌లో మాత్రం ఆదివారాలు కాంగో స్క్వేర్ అనే మైదానంలో గుమిగూడి డోళ్ళు కొట్టుకుని ఆడేవాళ్ళు. 1817లో ఊరి పాలకులు చేసిన శాసనం వాళ్ళ ఆటపాటలను ఒకే చోటికి పరిమితం చేసింది. అయితే బోల్డెన్ తరం వచ్చేసరికి ఆ ఆటలు ఆగి చాలా కాలమైంది. కాబట్టి కాంగో స్క్వేర్ నుంచి జాజ్ నేరుగా నడిచొచ్చిందని చెప్పడం సరికాదు. నిలిచింది లయ. దానికి తోడు 1809, 1810లలో క్యూబా మీదుగా సాన్ డొమింగ్ (నేటి హైతీ) కాందిశీకులు తొమ్మిది వేల మందికి పైగా వచ్చి పడితే ఊరి జనాభా దాదాపు రెట్టింపయింది. కరీబియన్ లయలు వాళ్ళ వెంట వచ్చాయి. ఎనిమిది మాత్రలను 3+3+2గా విరిచే నడక వాటిలో ముఖ్యమైనది. ‘తకిట తకిట తక’ అని నోటితో అంటూ పాదంతో రెండేసి మాత్రలకు ఒక దెబ్బ వేయండి. రెండో ‘తకిట’ పాదానికి అందకుండా మధ్యలో పడుతుంది. ఆ తగువే ఈ సంగీతానికి ఊపిరి. మోర్టన్ దీన్నే ‘స్పానిష్ ఛాయ’ అన్నాడు. అది లేకపోతే జాజ్‌కు రుచి రాదన్నాడు.

రెండో కారణం మనుషులు. కెనాల్ స్ట్రీట్‌కు ఒకవైపు క్రియోల్ (ఫ్రెంచి, ఆఫ్రికా మూలాలు కలిసిన) కుటుంబాలు ఉండేవి. వాళ్ళలో చాలామందికి ఫ్రెంచి పద్ధతిలో స్వరలిపి చదవడం, శుద్ధంగా వాయించడం వచ్చు. ఇంకోవైపు తోటల్లోంచి వచ్చిన నల్లవాళ్ళు. వాళ్ళది చెవి విద్య, బ్లూస్ గొంతు. 1890ల జాతి విభజన చట్టాలు ఇద్దరినీ ఒకే గాట కట్టాయి. బ్యాండుల్లో పక్కపక్కన నిలబడక తప్పలేదు. ఒకరి వేలు, ఒకరి చెవి కలిశాయి. అన్యాయం నుంచి వచ్చిన కలయిక అది. దాన్ని ఊరి ఉదారతగా చెప్పే రాతలను మేం ఒప్పుకోం.

మూడోది పని. ఊరేగింపుకూ, పిక్నిక్‌కూ, బండి మీద ప్రకటనకూ, చావుకూ బ్యాండే. శవయాత్రలో శ్మశానం దాకా నెమ్మదైన భక్తిగీతాలు. స్నేర్ డ్రమ్ అడుగున ఉండే తీగలకు రుమాలు అడ్డుపెట్టి మోత అణచేవాళ్ళు. ఖననం అయి కొంత దూరం వచ్చాక రుమాలు తీసేసి హుషారు పాట ఎత్తుకునేవాళ్ళు.

జాజ్ స్టోరీవిల్ వేశ్యావాటికలో పుట్టిందనే మాట చాలా ఉత్తరాల్లో కనిపించింది. అక్కడి ఇళ్ళలో ఎక్కువగా ఉన్నది ఒంటరి పియానిస్టులే. బ్యాండుల బతుకు వీధుల్లో, హాళ్ళలో. 1917 నవంబరులో స్టోరీవిల్ మూతపడ్డందుకే అందరూ షికాగో పోయారన్నదీ నిలవదు. అంతకు ముందే కొందరు బయట ఊళ్ళలో వాయిస్తున్నారు.

ప్రశ్న: కింగ్ ఆలివర్ 1923 రికార్డులు విన్నాను. అందరూ ఒకేసారి వాయిస్తున్న గోలలా ఉంది. డ్రమ్స్ వినబడవు. ఎలా వినాలి?

జవాబు: ఆలివర్ న్యూ ఆర్లియన్స్ కార్నెట్ వాద్యకారుడు, ఆ బ్యాండు అతనిదే. ఆ రికార్డుల్లో మైకు లేదు. వాద్యకారులు ఒక పెద్ద గరాటు ముందు నిలబడితే, ఆ గాలి అదురే సూదిని కదిలించి మైనం మీద గాడి గీసేది. దూరపు మెత్తని ధ్వని అందేది కాదు. బాస్ డ్రమ్ గట్టిగా కొడితే సూది గాడి తప్పేది. అందుకే బేబీ డాడ్స్ లాంటి గొప్ప డ్రమ్మర్ చేతి పని వుడ్‌బ్లాక్ (చెక్క దిమ్మ) టకటకలుగా మాత్రమే మిగిలింది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ అందరినీ మింగేస్తోందని అతణ్ణి బాగా వెనక నిలబెట్టారట. అంటే మీరు వింటున్నది బ్యాండును కాదు, గరాటుకు అందినంత బ్యాండును.

‘డిప్పర్‌మౌత్ బ్లూస్’ తీసుకుని నాలుగుసార్లు వినండి. మొదటిసారి కార్నెట్లను మాత్రమే పట్టుకోండి, పాట వాటి దగ్గరే ఉంటుంది. రెండోసారి పైన అల్లుకుపోయే క్లారినెట్. మూడోసారి ట్రాంబోన్. అది పాదం చివర ఖాళీ దొరికినప్పుడు కిందనుంచి జారుతూ వచ్చి తర్వాతి కార్డ్‌కు దారి చూపుతుంది. నాలుగోసారి బీటుకొకటి చొప్పున నడిచే బ్యాంజో. జానీ డాడ్స్ క్లారినెట్ సోలో రెండు ఆవృత్తాలు ఉంటుంది. ఆ సమయంలో మిగతావాళ్ళు తెంపి తెంపి కొడతారు. తర్వాత బూర నోటికి అడ్డుపెట్టే మ్యూట్‌ను తెరుస్తూ మూస్తూ ఆలివర్ మూడు ఆవృత్తాలు వాయిస్తాడు. ఆ సోలోను తర్వాతి తరం ట్రంపెట్ వాళ్ళు స్వరం పొల్లుపోకుండా నేర్చుకున్నారు.

ఆ వెంటనే మోర్టన్ ‘రెడ్ హాట్ పెప్పర్స్’ 1926 రికార్డులు పెట్టండి. 1925లో మైకు వచ్చింది కాబట్టి స్ట్రింగ్ బాస్ స్పష్టంగా వినబడుతుంది. మూడేళ్ళలో సంగీతం ఇంత మారిందా అనుకోకండి. అందులో సగం మార్పు మైకుదే.

ప్రశ్న: గిటార్ మీద 12 బార్ల బ్లూస్ నేర్చుకుంటున్నాను. మధ్యలో లెక్క తప్పుతోంది. స్వింగ్ వాయిస్తే గుర్రం డెక్కల్లా వస్తోంది.

జవాబు: బార్ అంటే ఇక్కడ నాలుగు బీట్లు. సి స్కేల్‌లో 1 నుంచి 4 బార్లు సి, 5–6 ఎఫ్, 7–8 సి, 9–10 జి7, 11–12 సి. పదో బార్‌లో ఎఫ్ వాయించేవాళ్ళూ ఉన్నారు. పాత రికార్డుల్లో జి7 తరచుగా వినిపిస్తుంది. లెక్క తప్పేది ఎక్కువగా 7–8 దగ్గర. మళ్ళీ సి రాగానే మొదటికి వచ్చామన్న భ్రమ కలుగుతుంది. అంకెలు లెక్కపెట్టడం మాని పాడండి. బ్లూస్ సాహిత్యంలో ఒకే పాదం రెండుసార్లు, తర్వాత జవాబు పాదం ఒకటి. ఒక్కో పాదానికి నాలుగు బార్లు. అందులో సుమారు రెండు గొంతుకు, మిగతా రెండు వాద్యం బదులుకు. రెండో పాదం ఎఫ్‌తో మొదలవుతుంది, జవాబు జి7తో. పాట తెలిస్తే దారి తప్పరు.

స్వింగ్‌కు ఒక బీటును మూడుగా విడదీసి మొదటి స్వరానికి రెండు పాళ్ళు, రెండోదానికి ఒకటి ఇవ్వండి. మీరు మూడు పాళ్ళు, ఒక పాలు ఇస్తున్నట్టున్నారు. డెక్కల చప్పుడు అక్కడిదే. నిమిషానికి 80 బీట్ల దగ్గర మొదలుపెట్టండి. వేగం పెరిగేకొద్దీ రెండు స్వరాలూ సమానానికి దగ్గరవ్వాలి. వేగంలోనూ 2:1 పట్టుకు కూర్చుంటే కుదుపు వస్తుంది. ఇది కాగితం మీద పూర్తిగా దొరకదు. ఆర్మ్‌స్ట్రాంగ్ 1928 ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’తో పాటు నోటితో పాడటం దీనికి మంచి మందు.

ప్రశ్న: పాత రికార్డుతో కలిసి వాయిస్తుంటే శ్రుతి కలవడం లేదు. నా వాద్యం తప్పా?

జవాబు: ముందు రికార్డు వేగాన్ని అనుమానించండి. నిమిషానికి 78 చుట్లు అన్నది పేరుకే. అప్పటి డిస్కులు కొన్ని నిమిషానికి 74 చుట్లతో, కొన్ని 80 దాటి కూడా కోశారు. వేగం ఆరు శాతం మారితే శ్రుతి అర స్వరం కదులుతుంది. ఈ బ్యాండులకు బి ఫ్లాట్, ఇ ఫ్లాట్ స్కేళ్ళు అలవాటు. పాట బి నాచురల్‌లో వినబడితే కాపీ వేగంగా తిరిగినట్టే. ఆరు శాతం తగ్గించి చూడండి. అసలు డిస్కే మీ దగ్గర ఉంటే ఎల్పీ (తర్వాతి కాలపు సన్న గాడి డిస్కు) సూది పెట్టవద్దు. 78 గాడి వెడల్పు. దానికి మూడు మిల్‌ల (అంగుళంలో వెయ్యింట మూడు వంతుల) సూది కావాలి. సన్న సూది గాడి అడుగున ఈదులాడి గరగరలే వినిపిస్తుంది.

ప్రశ్న: ‘జాజ్’ అన్న మాటకు అర్థం ఏమిటి?

జవాబు: 1912లో కాలిఫోర్నియా పత్రికలో బేస్‌బాల్ వార్తల్లో కనిపించింది. ఉత్సాహం, చురుకు అన్న అర్థం 1913లో అక్కడి పత్రికల్లోనే వచ్చింది. సంగీతానికి 1915లో షికాగోలో అంటుకుంది. న్యూ ఆర్లియన్స్ పత్రికకు చేరింది 1916లో. బోల్డెన్ తరం తమ సంగీతాన్ని రాగ్‌టైమ్ అనే పిలిచింది. ఆ ఊరి క్లారినెట్ వాద్యకారుడు సిడ్నీ బెషే చాలా ఏళ్ళ తర్వాత కూడా ఆ మాట వదల్లేదు. కాబట్టి ఆ ఊరి పాతవాళ్ళ ఇంటర్వ్యూల్లో జాజ్ కోసం వెతికేటప్పుడు ‘రాగ్‌టైమ్’ అన్న పేజీలను దాటేయకండి.