నీటి పరీక్ష యాప్ చేసే కంపెనీకి బ్రాండింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఊళ్ల కోసం నీటి పరీక్ష యాప్ చేస్తున్నామని, ముందు లోగో చేయించాలా అని అడిగారు. వద్దండి. ఎవరి బాధ తీరుస్తున్నారో ఒక్క వాక్యంలో రాయండి. ‘సమాజ సేవ’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘మీ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిందో లేదో చెబుతాం’ అనండి, ముసలవ్వకు కూడా అర్థమవుతుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వంగిపోయిన నడుములు చూసిన ఊళ్లవి.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) పద్ధతిని ఇప్పటికీ ‘నల్గొండ టెక్నిక్’ అనే పిలుస్తారు. చేసిన పని వల్లే ఆ పేరు నిలిచింది.

అసలు కష్టం మాట మీద నిలబడటం. రీడింగ్ ఎంత చెడ్డగా వచ్చినా దాచకుండా తెలుగులో చూపించండి. ఫిల్టర్లు అమ్మేవాళ్ల దగ్గర కమీషన్ తీసుకుంటే నమ్మకం ఆ రోజే పోతుంది. రంగులు, డిజైన్ తర్వాత చూసుకోవచ్చు.